కాళ్ళు మాత్రం చూపించండి

మదనపల్లెలో ఉంటున్న మా టీచరమ్మ పోయిన సోమవారం తెల్లవారుజామున కన్నుమూశారు. నేను దీపం పెడుతుండగా కుప్పం నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. వత్తి చేతిలోనే ఉండిపోయింది.

పుంగనూరులో మా వీధి అంగన్‌వాడీని ఆమే నడిపారు. నా పిల్లలు ఆమె దగ్గరే ఆడుకుని పెరిగారు. రిటైరై మదనపల్లెకు వెళ్ళాక చిన్నపిల్లల తల్లుల కోసం వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టి, మా అమ్మాయితోపాటు నన్నూ చేర్చారు. మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయే వేళకు ఆమె గొంతు వచ్చేది. ఏ వయసుకు ఏం తినిపించాలి, పిలిస్తే తిరిగి చూస్తున్నారా, ఏ ఆట ఆడించాలి, అన్నీ చెప్పేవారు. మధ్యలో కుక్కర్ విజిల్ వేస్తే, "ఉండండమ్మా, పప్పు పిలుస్తాండాది" అని లేచిపోయేవారు.

పిల్లల వీడియోలు పంపమంటే మొదట్లో ఎవరూ పంపలేదు. ఇంతమంది చూస్తే దిష్టి తగులుతుందని భయం. ఆమె కోప్పడలేదు. "ముఖాలు నాకెందుకమ్మా? కాళ్ళు మాత్రం సూపించండి, సాలు" అన్నారు. అప్పటినుంచి గ్రూపు నిండా బుల్లి కాళ్ళే. కొన్నాళ్ళకు కాళ్ళను బట్టే ఏ బిడ్డో పేరు పెట్టి చెప్పేవారు.

మా మనవరాలికి ఏడాదిన్నర దాటినా అడుగు పడలేదు. "యాలమ్మా, ఇంకా సంకలోనే ఉండాది మీ పాప?" అని అడిగేవాళ్ళకు భయపడి మా అమ్మాయి గడప దాటడమే మానేసింది. నేను అమ్మవారికి వెండి పాదాలు మొక్కుకున్నాను. చివరికి పాప వాకర్‌లో, అదే చక్రాల బండిలో, తిరుగుతుండగా కాళ్ళు వీడియో తీసి పంపింది మా అమ్మాయి.

టీచరమ్మ వెంటనే ఫోన్ చేశారు. "బిడ్డ మునివేళ్ళతోనే తోసుకుంటాండాది. మడమ నేలకు ఆనడంలేదు సూడు. ఆ బండి అటక మీద పెట్టేయ్. ఉత్త కాళ్ళతో నేల మీద వదులు. పిల్లల డాక్టరుకూ ఒకసారి సూపించు, నా మాట ఒక్కటే పట్టుకోవద్దు."

భయమేమీ లేదన్నారు డాక్టరు. కొన్ని వారాలకు, నేను కుప్పం వెళ్ళిన ఒక సాయంత్రం, గోడ వదిలి నా దాకా నడిచి వచ్చింది పాప. మొక్కు సంగతి చెబితే టీచరమ్మ నవ్వారు. "తీర్చేయమ్మా. బండి తీయమని నాకు సెప్పింది ఆ యమ్మే అనుకో." వెండి పాదాలు హుండీలో వేసిన రోజు టీచరమ్మ పేరున కూడా ఒక దీపం పెట్టాను.

ఆమె పోయిన రోజు గ్రూపులో సోమల నుంచి ఒకామె తన కొడుకు పరుగెత్తే కాళ్ళు పంపింది. తర్వాత ఇంకొకరు, మరొకరు. కింద ఎవరూ బిడ్డ పేరు రాయలేదు. మా అమ్మాయీ పంపింది. అందులో, అప్పుడే కడిగిన వరండాలో పట్టీలు మోగించుకుంటూ పాప అటు పోయింది. వెనక నేల మీద ఆ తడి అడుగులు, మడమతో సహా, నిండుగా పడి ఉన్నాయి.