పెద్దక్క ఫోన్ పోయిన రోజు

ఆ ఇంటికి బోర్డు లేదు. మొగుళ్ళ చేతిలో దెబ్బలు తిని కట్టుబట్టలతో బయటపడ్డ ఆడవాళ్ళు తలదాచుకునే ఇల్లది. దాన్ని నడిపే మనిషిని అందరూ పెద్దక్క అనేవాళ్ళు, వయసులో ఆవిడకన్నా పెద్దవాళ్ళతో సహా.

పెద్దక్క ఫోన్ బాగా పాతది. ఓ మూల అద్దం పగిలింది. కంపెనీ దానికి అప్‌డేట్లు పంపడం ఎప్పుడో మానేసింది. కొత్తది కొనుక్కోమని ఎవరైనా అంటే, "మాట్లాడితే వినిపిస్తోందిగా, ఇంకేం కావాలి?" అని కొట్టిపారేసేది.

ఇలాంటి ఇళ్ళు నడిపేవాళ్ళంతా విదేశంలో సమావేశం పెట్టుకుని ఆవిడనీ రమ్మన్నారు. ఫోన్ రిపేరు షాపు పెట్టుకున్న మేనకోడలు ప్రయాణానికి ముందు వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అత్తా, ఇంత పాత ఫోన్‌లో దొంగలు దూరడం తేలిక. ఊరికే ఇస్తున్నారు కదా అని కనపడ్డ వైఫైలో చేరకు. నీ చార్జరే వాడు, ఎక్కడపడితే అక్కడ వేలాడే వైరు గుచ్చకు. ఫోటోలన్నీ కాపీ చేసి ఇందులోంచి తుడిచేస్తున్నా. మెసేజిల యాప్ కూడా తీసేస్తా, వచ్చాక మళ్ళీ పెట్టుకుందువు."

"అది తీసేస్తే ఇంట్లోవాళ్ళు నాతో ఎలా మాట్లాడతారే?"

"పోనీ, దానికి విడిగా తాళమైనా పెట్టనీ."

"ఇంత పొడుగు నంబరు నొక్కి ఫోన్ తెరవాలా, మళ్ళీ లోపల ఇంకో తాళమా? నావల్ల కాదు తల్లీ."

మేనకోడలు ఆ తాళం పెట్టకుండానే ఫోన్ తిరిగిచ్చేసింది.

పరాయి దేశంలో మేనకోడలు చెప్పినట్టే నడుచుకుంది పెద్దక్క. హోటల్ వాళ్ళు వైఫై చీటీ చేతిలో పెట్టినా వద్దంది. తన నంబరు మీదే ఇంటర్నెట్ వేయించుకుంది. తనెంత జాగ్రత్తపరురాలో అనుకుని లోలోపల మురిసిపోయింది కూడా.

సమావేశం హాలుకి నడిచి వెళ్తూ, సందు మలుపులో ఎటు తిరగాలో తెలియక ఆగింది. మ్యాపు సరిగ్గా కనపడక ఫోన్‌ని చేయి చాచి పట్టుకుంది. వెనకనుంచి సైకిల్ చప్పుడు, చేతికి ఓ కుదుపు, అంతే. సైకిల్ మీది నల్లకోటు వాడు ఫోన్ పీక్కుని మనుషుల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ మాయమైపోయాడు. ఆవిడ అరిచింది, పరిగెత్తింది, ఆయాసంతో ఓ కొట్టు గోడకి చేరగిలబడింది.

అప్పుడు తట్టింది. ఫోన్ తెరిచి ఉంది. మ్యాపు చూస్తుండగా లాక్కుపోయాడు. వాడు తెర ఆరిపోకుండా వేలితో తాకుతూ ఉంటే చాలు, నంబరూ అక్కర్లేదు, తాళమూ అక్కర్లేదు.

ఆ వెంటనే టీచరమ్మ గుర్తొచ్చింది.

టీచరమ్మ ఆ ఇంటికి వచ్చి ఏడాది కావస్తోంది. ఈమధ్యే ఓ స్కూల్లో చేరింది. ఆ స్కూలు పేరు, బస్సు దిగే చోటు, అన్నీ మెసేజిల్లో ఉన్నాయి. మొగుడు ఆమె కోసం ఊళ్ళు గాలిస్తున్నాడు. పెద్దక్క నంబరు ఎలా సంపాదించాడో గానీ, రోజూ ఫోన్ చేస్తాడు. "మా ఆవిడ ఎక్కడుందో చెప్పు, అడిగినంత ఇస్తా" అని మెసేజిలు పెడతాడు. కోర్టుకి సాక్ష్యంగా పనికొస్తాయని వాటిని ఆవిడ తుడవలేదు, ఆ నంబరుని బ్లాక్ చేయలేదు. మోగితే మోగనిచ్చేది. ఇవాళ మోగితే ఎత్తేది ఎవరు?

పక్కనున్న కళ్ళజోళ్ళ షాపులోకి వెళ్ళింది. వచ్చీరాని భాషలో, సగం చేతులతో చెప్పుకుంది. షాపావిడ తన కంప్యూటర్ ఇటు తిప్పింది. దూరంనుంచే ఫోన్‌కి తాళం వేద్దామని పెద్దక్క తన అకౌంట్ పాస్‌వర్డ్ కొట్టింది, సరిగ్గానే కొట్టింది. "మీ ఫోన్‌కి కోడ్ పంపాం" అని తెర మీద వచ్చింది. ఏ ఫోన్‌కి? ఆ దొంగ చేతిలోని ఫోన్‌కి!

మేనకోడలి నంబరు గుర్తులేదు. లాయరుదీ గుర్తులేదు. ఆవిడకి కంఠతా వచ్చిన నంబరు ఒక్కటే, ఆ ఇంటి ల్యాండ్‌లైన్. గడప తొక్కిన ప్రతి మనిషి చేతా తనే దాన్ని అప్పజెప్పించుకునేది. షాపావిడ ఫోన్‌లో ఆ నంబరు నొక్కింది.

వంటావిడ ఎత్తింది.

"ఆఫీసు గదిలో కంప్యూటర్ వచ్చినవాళ్ళు ఎవరున్నారు?"

"లెక్కల అమ్మాయి సెలవక్కా. టీచరమ్మ ఒక్కతే ఉంది. ఏమైంది, గొంతు అలా ఉందేం?"

"ఆవిడనే పిలువు" అంది పెద్దక్క, తప్పక.

టీచరమ్మ రాగానే దాచకుండా చెప్పేసింది.

"నా స్కూలు పేరు అందులో ఉందా అక్కా?"

"ఉందమ్మా."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడు. "మీ అకౌంట్ ఇక్కడ తెరిచే ఉంది. ఏం చేయాలో చెప్పండి."

పోయిన ఫోన్ వెతికే పేజీ తెరిపించింది. "తాళం వేయమంటారా, మొత్తం తుడిచేయమంటారా?" అని అడిగింది టీచరమ్మ.

"తాళం వేసినా మీ ఆయన ఫోన్ చేస్తే దొంగ ఎత్తగలడు. తుడిస్తే... మీ ఆయన మెసేజిలన్నీ పోతాయి. లాయరు దగ్గర కొన్నే ఉన్నాయి. మొన్నటి బెదిరింపులు ఇందులోనే ఉన్నాయమ్మా. కేసు నీది. నువ్వే చెప్పు."

"పోనివ్వండి" అంది టీచరమ్మ. మౌస్ నొక్కిన చప్పుడు పెద్దక్కకి స్పష్టంగా వినపడింది.

"ఏమంటోంది?"

"తిరుగుతోంది."

షాపావిడ మంచినీళ్ళు తెచ్చి పెట్టింది. పెద్దక్క గ్లాసు ముట్టుకోలేదు.

"ఇంకా తిరుగుతోందా?"

"ఆ."

ఎవరో లోపలికొచ్చి కళ్ళజోళ్ళు పెట్టుకుని అద్దంలో చూసుకుంటున్నారు. పెద్దక్క ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుంది.

"అయిందక్కా. తుడిచేశామంటోంది."

పెద్దక్కకి ప్రాణం లేచొచ్చింది. సిమ్ ఆపించమని మేనకోడలికి కబురు చెయ్యమంది. ఏడుపు పొంగుకొస్తుంటే, "నన్ను క్షమించమ్మా" అనబోయింది.

టీచరమ్మ మధ్యలోనే అందుకుంది. "లాక్కుపోయి ఎంతసేపైంది?"

"పావుగంట. ఎక్కువే అయుంటుందేమో."

"పావుగంట చాలా ఎక్కువక్కా. నేను వెళ్ళిపోతున్నా."

ఆ సాయంత్రమే రెండు చేతిసంచులతో వెళ్ళిపోయింది. కొత్త స్కూలుకి మళ్ళీ పోలేదు.

పెద్దక్క తిరిగొచ్చింది. టీచరమ్మ మొగుడు గేటు దాకా రాలేదు, స్కూలు దగ్గరా కనపడలేదు. ఆ పావుగంటలో ఫోన్ మోగిందో లేదో, దొంగ ఎత్తాడో లేదో ఎవరికీ తెలియలేదు. పోయిన మెసేజిలు లేకపోవడంతో కేసు నత్తనడక నడిచింది. వాయిదాలకి టీచరమ్మ లాయరుతో వచ్చి, లాయరుతోనే వెళ్ళిపోయేది. పెద్దక్క కొత్త ఫోన్ కొనుక్కుంది. మేనకోడలు పెట్టమన్న తాళాలన్నీ కిక్కురుమనకుండా పెట్టించుకుంది.

కొన్నాళ్ళకి ల్యాండ్‌లైన్ మోగితే తనే ఎత్తింది.

"అక్కా, నేనే."

"అమ్మా! ఎక్కడున్నావే?"

"చెప్పను."

పెద్దక్క మనసు చివుక్కుమంది. చెప్పకపోవడమే మంచిదని అర్థమవడానికి కాస్త సమయం పట్టింది.

"సరే, చెప్పకు" అంది. "ఒంట్లో బాగుందా?"

"బాగుంది."

వెనకాల పిల్లలంతా గొంతెత్తి ఎక్కాలు వల్లిస్తున్నారు. టీచరమ్మ ఫోన్ పక్కకి పెట్టి, "ఏయ్, చివరి బెంచీ! ఏడెనిమిదులు మళ్ళీ చెప్పు!" అని గదమాయించింది.