లోపం లేని టైరు నాగూర్ వలికి అక్కర్లేదు

ఏ వస్తువు కొనాలన్నా ముందు దాని లోపమేమిటో చెప్పమంటాడు నాగూర్ వలి. చెబితే బేరం మొదలవుతుంది. లోపమేమీ లేదన్నారో, లేచి చెప్పులు వేసుకుంటాడు. నలభై ఏళ్ళుగా వాడు నా స్నేహితుడు. నాకు రక్తపోటు ఉప్పు వల్ల వచ్చిందని సత్తెనపల్లి డాక్టరుగారు అంటారు కానీ, ఆయన వలితో ఎప్పుడూ బజారుకు వెళ్ళలేదు.

లోకంలో కొనేవాడు మంచి సరుకు అడుగుతాడు, అమ్మేవాడు మంచి సరుకే అంటాడు, ఇద్దరూ సుఖంగా ఇళ్ళకు పోతారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఒక వేసవిలో సీలింగు ఫ్యాను కొనాలని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. ఏడు షాపుల్లో "మా ఫ్యానుకి లోపమేంటండీ" అన్నారు. ఏడు షాపుల మెట్లూ ఎక్కి దిగాం. ఎనిమిదో షాపు గుమాస్తా పొద్దుట్నించీ మమ్మల్ని గమనిస్తూనే ఉన్నాడు. విసిగిపోయి, "గాలి రాదండీ" అన్నాడు. వలి మొహం వెలిగిపోయింది.

"చూశావా, నిజం చెప్పాడు" అంటూ జేబులో చెయ్యి పెట్టి, ఇంకేదో అడగబోయాడు.

వాడి రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. ఆ వేసవంతా వాళ్ళింట్లో విసనకర్రలే.

వాడి పెళ్ళిచూపులు వినుకొండలో జరిగాయి. నేనూ వెళ్ళాను, నా ఖర్మ. టీ, బిస్కెట్లు అయ్యాక పిల్ల తండ్రి, "మా ఖుర్షిదా బంగారమండీ" అన్నాడు. వలి కప్పు కింద పెట్టి, "లోపమేందండీ?" అన్నాడు. పెద్దలు లేచి నిలబడ్డారు. ఒకాయన మూలనున్న కర్ర వైపు చూశాడు. నేను అప్పటికే గుమ్మం దగ్గరికి చేరిపోయాను. ఇంతలో పరదా వెనక నుంచి పిల్లే జవాబు చెప్పింది.

"నోరెక్కువ."

"ఎవరి మీద?" అన్నాడు వలి.

"కట్టుకున్నోడి మీద."

పెళ్ళి ఖాయమైంది. ఖుర్షిదా ఆ రోజు అబద్ధం చెప్పలేదని మా వీధి వీధంతా ఇరవై ఏళ్ళుగా వింటోంది.

ఈ రెండో ప్రశ్న కూడా వాడి జబ్బులో భాగమే. లోపం తెలుసుకుని ఊరుకోడు. అది ఎవరికి, ఎవరి మీద అని తిరిగి అడుగుతాడు. మొదటి ప్రశ్నకు షాపువాడు సగం చస్తాడు, రెండోదానికి పూర్తవుతాడు. వాళ్ళు పోయినా వేరే షాపులుంటాయి. నాకు వేరే స్నేహితుడు లేడు, ఉన్నా వాడికి వలికున్నట్టు పికప్పు బండి లేదు.

ఆ పికప్పు టైర్ల దగ్గరే నా ఓర్పు తెగింది. ఈ ఏడాదే, రెండువేల ఆరు, ఏప్రిల్ నెల. నా రెండెకరాల మిరపకాయ కల్లంలో ఉంది. ఎండడం అయిపోయింది, గోతాలకెత్తడమే తరువాయి. ముందురోజు సాయంత్రం చిన్న జల్లు పడితే పట్టాలు కప్పాం. పట్టా పైనుంచి పడే నీళ్ళను ఆపుతుంది. పల్లపు చేలో కిందనుంచి పారే నీళ్ళను ఎవరు ఆపుతారు? ఇంకొక్క వాన పడితే కాయ రంగు పోయి ధర పలకని తాలుకాయ కింద జమ అవుతుంది, ఏడాది చాకిరీ దానితోపాటే పోతుంది. సాయంత్రానికి పెద్ద వానే ఉందని టీవీలో చెప్పారు. ఊళ్ళో ఉన్న మూడు ట్రాక్టర్లూ అప్పటికే వేరే కల్లాలకు కుదిరిపోయాయి. మిగిలింది వలి పికప్పు.

తెల్లవారగానే బయల్దేరాం. వెనక ఖాజాబీ ముఠా, ఎనిమిది మంది ఆడకూలీలు, గోతాలకెత్తడానికి వస్తున్నారు. కల్లం ఊరికి రెండు మైళ్ళు, దారంతా నల్లరేగడి. వలి బండి టైర్లు గుండు చేయించుకున్నట్టు నున్నగా ఉన్నాయి. మలుపు దగ్గర వెనక చక్రం గిర్రున తిరిగి అక్కడే కూర్చుంది.

"ఒరేయ్, వాళ్ళని దిగమనరా. అందరం కలిసి ఒక్క తోపు తోస్తే లేచిపోద్ది" అన్నాను.

"తొయ్యటం ఎందుకురా నాగేంద్రా? టైర్లు మార్చేద్దాం" అన్నాడు వలి.

"ఇప్పుడా?"

"బురదలో, రాళ్ళలో, తారు మీద ఎక్కడైనా పొయ్యే టైర్లు వచ్చాయంటగా. చూద్దాం పద."

ఎనిమిది మంది మనుషులు ఊరికే కూర్చుని ఉంటే, వాడు ఒక్కడే దిగి, చేలో పత్తికట్టె పీక్కొచ్చి చక్రాల కింద తొక్కి, అరగంట కుస్తీపట్టి బండిని వెనక్కి తీశాడు. ఖాజాబీవాళ్ళు నడుచుకుంటూ కల్లానికి పోయారు. షాపులకు పోవడానికి వీడికో సాకు దొరికిందని నాకు ఒళ్ళు మండింది. అంత అవసరం మీద ఉండి వలితో బజారుకెళ్ళడమంటే పెళ్ళికెళ్తూ పిల్లిని చంకనబెట్టుకెళ్ళడమే. కానీ బండి వాడిది.

గుంటూరులో మొదటి షాపాయన కూల్‌డ్రింకులు తెప్పించాడు. "రాయి, రప్ప, ఇసక, బురద, దేనిమీదైనా పోద్దండీ" అన్నాడు.

"లోపమేంది?"

"కంపెనీ మాలండీ. లోపమెందుకుంటుంది?"

వలి చెప్పులు వేసుకున్నాడు. నేను కూల్‌డ్రింకు సగంలో వదిలేశాను.

రెండో షాపాయన తెలివైనవాడు. "దీని లోపం ధర తక్కువ కావటమే సార్" అని తన మాటకు తనే నవ్వుకున్నాడు. వలి నవ్వలేదు. మళ్ళీ చెప్పులు.

మూడో షాపాయన కాస్త ఆలోచించి, "లోపం ఉందండీ. కొంచెం తొందరగా అరుగుద్ది" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఆయనకు దండం పెట్టబోతున్నాను, వలి "ఎవరికి?" అన్నాడు.

ఆయన నా మొహం చూశాడు. నేను గోడ మీద క్యాలెండరు చూశాను.

"ఎవరికంటే... టైరుకేనండీ" అన్నాడాయన, దిక్కుతోచక.

బయటికొచ్చేసరికి పన్నెండు దాటింది. ఇంటి నుంచి మా ఆవిడ సుబ్బరావమ్మ ఫోను.

"ఏమండీ, పడమర మబ్బు పట్టింది. టైర్లు దొరికాయా?"

"టైర్లు దొరికాయి. లోపం దొరకలా."

ఆవిడకు వలి సంగతి తెలుసు. "ఒకసారి వలన్నకియ్యండి, నేను చెప్తా" అంది.

"ఇస్తే ఆ ఫోను లోపమేందని అడుగుతాడు. పెట్టెయ్" అన్నాను.

రెండు గంటలకు ఒక సందులో తేలాం. పాత టైర్ల గుట్టల మధ్య సిలార్ అనే పెద్దాయన షాపు. వలి తన ప్రశ్న వేశాడు. సిలార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"లోపం లేని టైరు ఎక్కడుంది బాబూ? కూర్చోండి. సాయంత్రం దాకా చెప్తా."

వలి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. సరిగ్గా ఒకరికొకరు దొరికారు. నా మిరపకాయల్ని ఇక దేవుడికి వదిలెయ్యాల్సిందే అనుకున్నాను.

సిలార్ మొదటి టైరు దొర్లించుకొచ్చాడు. "ఇది మెత్తన. తారు మీద సడి లేకుండా పోద్ది, డీజిలు కలిసొచ్చుద్ది. మట్టిదార్లోనూ పర్లేదు. లోపమేందంటే, తడిరేగడిలో ఎప్పుడన్నా కూరుకుపోద్ది. దిగి తొయ్యాలి."

"ఎవరు తొయ్యాలి?"

"నువ్వు స్టీరింగు దగ్గరుంటావు. వెనక ఎక్కినోళ్ళే దిగాలి."

వలి ఆ టైరును చేత్తో పక్కకు నెట్టాడు. నా కంటికి మాత్రం అదే బంగారంలా కనపడింది.

రెండో టైరుకు ట్రాక్టరు చక్రానికిలాగా ఎత్తైన దిమ్మలు. "ఇది చెరువులో దించినా పైకొచ్చుద్ది. లోపం, మహా గట్టిది. ఎత్తెత్తి వేసుద్ది" అన్నాడు సిలార్.

"ఎవర్ని?"

"నీ సీటు కింద మెత్త ఉంటది కాబట్టి నీకు తెలీదు. వెనక కూర్చున్నోళ్ళ నడుములు పోతాయి."

అదీ పక్కకు పోయింది.

"ఇది మూడోది. బురదలో పట్టు బాగుంటది, కుదుపు తక్కువ. దీనికి లోపాలు మూడు. తారు మీద మోత. వెనకున్నోళ్ళకైతే అది గాలికి పోద్ది కానీ కేబిన్లో డప్పు కొట్టినట్టే ఉంటది. స్టీరింగు బరువు, పొద్దుగూకేసరికి భుజాలు లాగుతాయి. డీజిలు ఎక్కువ తాగుద్ది."

"మూడూ ఎవరికి?"

"ఎవరికేంది? బండి నడిపేవాడికి."

"ఇయ్యే ఇయ్యి" అన్నాడు వలి. "ఐదు. స్టెప్నీతో కలిపి."

నాకు ఆపుకోవడం చేతకాలేదు. "ఒరేయ్, సడి లేని టైరు ఎదురుగా ఉంటే మోత మోగేది కొంటావా? ఎవడన్నా డబ్బులిచ్చి చెవిలో డప్పు కొట్టించుకుంటాడా?"

"లోపం చెప్పాడుగా" అన్నాడు వలి.

నేను షాపు మెట్టు మీద కూలబడ్డాను. సిలార్ నాకు మంచినీళ్ళిచ్చాడు, చేసిన సాయానికి.

మేడికొండూరు దాటేసరికి ఆ మూడు లోపాల్లో మొదటిది పూర్తిగా నిరూపణ అయింది. బండి నలభై దాటగానే కేబిన్లో తేనెపట్టు రేగినట్టు ఒకటే హోరు. వలి రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, పళ్ళు బిగించి తిప్పుతున్నాడు. నేను దారి పొడుగునా వాడిని తిట్టాను. ఒక్కటీ వాడికి వినపడలేదు. అది నాకు ఇంకా కష్టంగా ఉంది.

తారురోడ్డు దిగేసరికి చినుకులు మొదలయ్యాయి. పొద్దున కూర్చుండిపోయిన మలుపు వచ్చింది. టైర్లు బురదను ఇంతెత్తున చిమ్ముకుంటూ ఆగకుండా దాటేశాయి. నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. కల్లంలో ఇరవై ఎనిమిది గోతాలు నింపి, మూతులు కుట్టి సిద్ధంగా పెట్టారు ఖాజాబీవాళ్ళు. మొదటి ట్రిప్పులో పద్దెనిమిది ఇంటికి చేర్చి, మిగతా పదింటికి మళ్ళీ వచ్చాం. అప్పటికి వాన బాగా పట్టింది. గోతాల మీద పట్టా, పట్టా కింద ముఠా మొత్తం. ఈసారి నేనూ వెనకే ఎక్కాను, పట్టా ఎగిరిపోకుండా పట్టుకోవాలి కదా.

మలుపు దగ్గర బండి కాస్త పక్కకు జారింది. పాత అలవాటు కొద్దీ ఆడవాళ్ళందరూ దిగడానికి కాళ్ళు బయటపెట్టారు. కేబిన్లోంచి వలి తల బయటికి వచ్చింది.

"ఎవ్వరూ దిగొద్దు. కూర్చోండి."

టైర్లు నేలను కరిచి పట్టుకున్నాయి. బండి కదిలింది.

ఖాజాబీ కొంగుతో మొహం తుడుచుకుంది. "పత్తితీతలప్పుడు ఇక్కడే నాగేంద్రగారూ. ఇదే బండిని తోస్తా తోస్తా మా కోడలు షమా జారి చక్రం పక్కన పడింది. అప్పుడు దానికి ఐదో నెల. ఏం కాలేదులెండి, పోయిన నెల్లో మగపిల్లాడు. ఆ రోజు మాత్రం నాగూరు బండి దిగి బురదలో కూర్చుండిపోయాడు. అప్పట్నించీ బండి కూరుకుపోతే తనే తంటాలు పడతాడు కానీ మమ్మల్ని చెయ్యి వెయ్యనీడు. మీకు చెప్పలా?"

"చెప్పలేదు" అన్నాను. "టైరుకి లోపం కావాలని మాత్రం చెప్పాడు."

నాకు సిగ్గేసింది. పొద్దున ఆ ఆడవాళ్ళని దిగి తొయ్యమన్నది నేనే. నలభై ఏళ్ళుగా మొదటి ప్రశ్నకే చిరాకుపడిపోయి, వాడి రెండో ప్రశ్నకు జవాబేమిటో నేనెప్పుడూ సరిగా వినలేదు. లోపం ఎలాగూ ఉంటుంది. అది వెనకున్న వాళ్ళ మీద పడకుండా తన మీద పడేలా చూసుకుని కొంటున్నాడు వాడు. అంతమాత్రాన కోపం పోయిందని కాదు. ఆ ముక్క పొద్దున్నే నోరు విప్పి చెప్పి ఉంటే నాకు మూడు షాపులు తప్పేవి.

రెండు గోతాలు తడిశాయి. ఇరవై ఆరు పొడిగా ఇల్లు చేరాయి.

మూడో రోజు వాటిని గుంటూరు కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్తున్నాం. నేను కేబిన్లో వాడి పక్కన కూర్చున్నాను. చూస్తే వాడి చెవులు రెండింట్లోనూ పత్తి.

"నా సంగతేందిరా?" అని చెవి దగ్గర అరిచాను.

"నడిపేవాడికని చెప్పాడు సిలార్. పక్కన కూర్చున్నోడి గురించి అడగటం మర్చిపోయా" అని అరిచాడు. మొహంలో నిజంగానే బాధ. ఒక చెవిలోంచి పత్తి తీసి నా చేతిలో పెట్టాడు.

ఆ పత్తి పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. ఇక ఆగలేక, నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా వాడితో అనని మాట, "మంచోడివిరా నువ్వు" అని, ఆ హోరులో అనేశాను.

నా నోరు కదలడం చూసి, "ఏందిరా?" అన్నాడు.

"తిడుతున్నా" అన్నాను గట్టిగా.

సరే కానియ్యమన్నట్టు తల ఊపి, గేరు మార్చాడు.