ఎర్రమట్టి పల్లికాయలు

జడ్చర్లలో పల్లికాయల బండి కనిపిస్తే ముందు తొక్కకు అంటిన మట్టి చూస్తాను.

మాది ఎర్రమట్టి చెలక, మేనమామది నల్లరేగడి. "మీ చెలకల రాళ్లే పండుతయిరా," అని మామ కొడుకు మల్లేశు ఎగతాళి చేసేవాడు. ఒక వానకాలం పందెం కట్టి, ఎవరి చేన్లో వాళ్లం పల్లిగింజలు పెట్టాం. కొలిస్తే వాడి చెట్లు నా వాటికంటే బెత్తెడు ఎత్తు. ఓడిపోతానని బెంగపడ్డాను.

కాయ తీసే రోజు వాడు చెట్టు గుంజితే ఒట్టి వేళ్లే వచ్చాయి. నాది గుత్తులతో లేచింది.

"అవ్వా, వానికి కాయనే కాయలే!" అని ఎగిరాను.

అవ్వ నవ్వింది. "కాసినయి బిడ్డా. ఎండి గట్టిపడ్డ రేగడి ఇడుస్తలేదు. మన చెలక గుల్లగుంటది, గుంజంగనే ఇచ్చేస్తది."

మల్లేశు పారతో తవ్వుతుంటే, నేను గట్టున కూర్చుని నా కాయలు ఒలుచుకు తిన్నాను.

"కడిగినయి తీస్కో సారూ," అంటాడు ఇప్పుడు బండాయన.

ఎర్రమట్టి ఉన్నవే ఇమ్మంటాను.