మెట్రోలో చూసిన నాడి

నోయిడా నుంచి ద్వారక వెళ్లే మెట్రోలో అమ్మతో క్లినిక్ కబుర్లు ఫోన్‌లో మాట్లాడి పెట్టేయగానే, పక్క సీటాయన తెలుగులో పలకరించారు. యాభై దాటి ఉంటాయి, మెడలో ఆఫీసు ట్యాగు.

"డాక్టరా అమ్మా?"

"పశువుల డాక్టర్ని అంకుల్. కుక్కల గుండెజబ్బుల మీద పీహెచ్‌డీ చేస్తున్నా."

"గుండెదే కదా!" అంటూ చొక్కా చేతి గుండీ విప్పి, మణికట్టు నా ముందు పెట్టారు. "ఒక్కసారి చూడమ్మా. ఇంట్లో చెబితే కంగారుపడతారు."

వద్దనలేక వేళ్లు ఆనించాను. నాడి రెండుసార్లు కొట్టుకుని ఆగుతోంది, మళ్లీ గబగబా పరుగెత్తుతోంది.

"మనుషుల సంగతి నేను చెప్పకూడదు అంకుల్. రేపే హార్ట్ డాక్టర్‌కి చూపించుకోండి."

"అపాయింట్‌మెంట్ దొరకొద్దూ? పోనీ, ఇదే కుక్కయితే ఏమంటావు?"

కుక్కల్లో ఊపిరి పీల్చి వదిలేటప్పుడు నాడి ఇలా తడబడటం మామూలే. అడిగినదానికి ఉన్నమాటే చెప్పాను.

"కుక్కయితే ఫర్వాలేదంటాను. కానీ మీకు..."

"అచ్ఛా! అది చాలమ్మా," అని హాయిగా నవ్వి, గుండీ పెట్టుకుని లేచారు. ఆయన స్టేషన్ వచ్చేసింది.

"కుక్కకీ మనిషికీ ఒకటి కాదంకుల్!" అని వెనక నుంచి అరిచాను. ప్లాట్‌ఫామ్ మీద నిలబడి చెయ్యూపారు. తలుపులు మూసుకున్నాయి.

ఇప్పటికీ క్లినిక్‌లో ఏ కుక్క నాడైనా అలా తడబడితే, తెచ్చినవాళ్లు నా ముఖంలోకే చూస్తుంటారు. "ఫర్వాలేదు" అనడానికి నాకు కాస్త టైం పడుతుంది.