కూకట్‌పల్లిలో మొలిచిన తోట

తప్పంతా నాదే అనను గానీ, తెలివితక్కువతనం మాత్రం పూర్తిగా నా సొంతం. పటం మీద ఎర్ర గుర్తు కనిపిస్తే చాలు, దాని కింద ఏముందో చూడకుండానే నమ్మేసే మనిషిని.

మా ఆఫీసు గచ్చిబౌలిలో. సీసాలు సర్దుకునే చెక్క పెట్టెలు ఇక్కడ చేయించి యూరప్‌కు పంపుతాం. ఈమధ్య అక్కడ కొత్త నియమం వచ్చింది. పెట్టెకు వాడిన చెట్టు ఏ నేలలో పెరిగిందో పటం మీద చూపించాలి. ఆ నేల ఈమధ్య అడవి కొట్టి చదును చేసింది కాకూడదు. చూపించలేకపోతే సరుకు ఓడ ఎక్కదు. ఆ చూపించే పని నాకిచ్చారు. నాకు అడవి సంగతేం తెలుసు? తెలిసిందల్లా అడిగేవాళ్ళ సంగతి. అంతకుముందు ఉద్యోగం పోయి నెలల తరబడి ఇంట్లో కూర్చున్నవాణ్ణి, ఎవరేం అడిగినా "అయిపోతుంది సార్" అనడం అలవాటైపోయింది.

పెట్టెలు చేసే ఆయన ఉండేది కూకట్‌పల్లి. భీమవరం వైపు మనిషి, నాకన్నా పెద్దవాడు. కలప ఖమ్మం అవతలి జామాయిల్ తోటలదని చెప్పేవాడు. "అన్నా, జర ఆ చెట్ల లొకేషన్ పెట్టు" అని ఫోన్ చేశాను. మాట పూర్తయ్యేలోపే వాట్సాప్‌లో వచ్చింది. ఎంత చురుకైన మనిషో అని మురిసిపోయి, ఆ లొకేషన్ అంకెలు కొనేవాళ్ళ ఫారంలో ఎక్కించేసి టీకి వెళ్ళాను.

కొనేవాళ్ళ తరఫున తనిఖీ చేసే ఆవిడ వీడియో కాల్‌లోకి వచ్చింది. నా పక్కన మా మేనేజర్ మేడమ్. తెర మీద భూగోళం తిరిగింది, ఇండియా వచ్చింది, హైదరాబాద్ వచ్చింది. ఇక తూర్పుకు జరుగుతుందని చూస్తున్నాను. జరగలేదు. మెట్రో లైను కనిపించింది. ఎర్ర గుర్తు రోడ్డు పక్కన ఒక రేకుల కప్పు మీద ఆగింది. ఆ కప్పు కింద నేను చాలాసార్లు ఇడ్లీ తిన్నాను.

"చెట్లు ఎక్కడున్నాయి?" అని ఆవిడ ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా అడిగింది. రేపు సాయంత్రంలోగా అసలు చోటు చూపించకపోతే సరుకు తీసుకునేది లేదంది. కాల్ అయ్యాక మేడమ్ "ఏందిది?" అని లేచి వెళ్ళిపోయింది. ఆ పెట్టెల్లో ముందు సర్దేది నన్నేనని తేలిపోయింది.

మెట్ల దగ్గరికి పోయి పెట్టెలాయనకు ఫోన్ చేశాను.

"ఏందన్నా గిట్ల చేసినవ్? చెట్ల లొకేషన్ అడిగితే టిఫిన్ సెంటర్‌ది పెడ్తవా?"

"పెట్టమన్నారు, పెట్టానండీ. అప్పుడు నేనక్కడే ఉన్నాను కదండీ!"

"చెట్లున్నయా ఆడ?"

"ఓ కానుగ చెట్టుందండీ. దాని కిందే బళ్ళు పెడతాం."

నిజమే, ఈ ఊళ్ళో లొకేషన్ పెట్టమంటే ఎవరైనా తాము నిలబడ్డ చోటే పెడతారు. బైక్ ట్యాక్సీవాడికి నేను పెట్టేదీ అదే.

"సరే, తోట యాడున్నది మరి?"

"నేనెప్పుడూ చూళ్ళేదండీ. కోతమిల్లు వాళ్ళే తెస్తారు."

అప్పటిదాకా పడ్డది భయం కాదు, దాని ట్రైలర్. ఖమ్మం దాటి ఇంకాస్త పోతే నిజం అడవే ఉంది. కలప అక్కడిదైతే? నేను "అయిపోతుంది" అన్న ప్రతిసారీ అక్కడ ఓ చెట్టు అయిపోయి ఉంటే?

మర్నాడు పొద్దున్నే ఆయన మిల్లువాణ్ణి వెంటబెట్టుకుని బయల్దేరాడు. నేను ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఆయన ఫోన్ అందడం మానేసింది. టిఫిన్ బాక్స్ మూత తీయలేదు. మేడమ్ అటుగా నడిచినప్పుడల్లా ఆయన నంబరు మళ్ళీ నొక్కాను.

పొద్దు వాలుతుండగా ఫొటోలొచ్చాయి. వరసగా నాటిన జామాయిల్, కొట్టిన మోళ్ళకు లేత చిగుళ్ళు. వెంటనే ఆయన గొంతు: "రైతు పొలమేనండీ! ఇదివరకు పత్తి వేసేవాడంట. తోటలోనే నించున్నాను, ఇదిగోండి లొకేషన్."

ఈసారి పటం తెరిచాను. పాత ఉపగ్రహ చిత్రాలూ వెనక్కి తిప్పి చూశాను. అడవి కాదు, చేనే. అవన్నీ పంపితే తనిఖీ ఆవిడ ఒప్పుకుంది. అప్పుడు టిఫిన్ బాక్స్ మూత తీశాను.

కొన్నాళ్ళకు ఆయన స్వీట్లు పట్టుకుని మా ఆఫీసుకు బయల్దేరాడు. దారి తెలియక లొకేషన్ పెట్టమన్నాడు. పెట్టాను. కాసేపటికి ఫోన్.

"ఇదేంటండీ, ఖమ్మం దాటి చూపిస్తోంది? ఆ జామాయిల్ తోట కదండీ ఇది!"

"నువ్వు పెట్టమన్నవ్ అన్నా," అన్నాను, "నేను పెట్టిన."