సుద్దరాళ్ల చేను

నా చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిందంటే మాకు రాళ్లు ఏరే పని. పెనుకొండకూ ధర్మవరానికీ నడుమ మాకొక మెట్టచేను ఉండేది. దున్నితే చాలు, ఉల్లిగడ్డలంత తెల్లని సుద్దరాళ్లు పైకి తేలేవి. బుట్టల్లో ఏరి గట్టున పోసేవాళ్లం. మరుసటి ఏడు దున్నితే మళ్లీ అన్నే. ఆ చేను రాళ్లను ఈనుతుందని మా ఊళ్లో అనేవారు. నాకైతే దాని పేరెత్తితేనే నడుం నొప్పి పుట్టేది.

ఒక ఏడు వానల్లేక చెనక్కాయ పంట ఎండిపోయింది. ఇంట్లో సణుగుడు మొదలైంది. చాకిరీ అంతా తనదేనని నాయన, కాదు తనదేనని చిన్నాయన. ఉమ్మడి ఇల్లు, ఒకే పొయ్యి. భాగాలు పంచుకుందామనేదాకా వచ్చింది. చిన్నాయన పిల్లలు తప్ప నాకు వేరే జత లేదు. ఆ మాట వింటే అన్నం దిగేది కాదు.

ఒకరోజు వ్యవసాయ కాలేజీలో చదివే మా మేనమామ మాతోపాటు చేనికి వచ్చాడు. సంగటి తిన్నాక అన్నదమ్ములిద్దరూ చెరో దిక్కుకు తిరిగి కూర్చున్నారు. మామ ఒక సుద్దరాయిని పగలగొట్టి చూపించాడు. మధ్యలో సన్నటి బెజ్జం. ఒకప్పుడు అక్కడ చెట్టు వేరు ఉండేదట. మజ్జిగలోకి తెచ్చిన నిమ్మబద్దను దాని మీద పిండాడు. రాయి బుసబుసమని పొంగింది. నేను భయపడి వెనక్కి జరిగాను.

కంటికి కనిపించని బాక్టీరియా ఆ చచ్చిన వేరును తిని ఊపిరి వదిలాయట. అది మట్టి తడిలోని సున్నంతో కలిసి రాయి అయిందట. ఇప్పుడు పొంగింది ఆ ఊపిరేనట. ఇవి ఏటా పుట్టేవి కావు, ఎన్నో తరాల కిందటివి, నాగలి పైకి తెస్తోంది అంతే అన్నాడు.

"ఇది ఒక్కదాని పని కాదు బావా," అని నాయన వైపు తిరిగాడు. "ఒకటి తిని వదిలిందాన్ని ఇంకోటి తింటాది. అన్నీ కలిస్తేనే రాయి. ఏది ఎంత చేసిందో ఆటికే తెల్దు."

నాయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "ఎవురు ఎక్కువ చేసినారని అడిగేవాళ్లు ఆడ లేరు గదప్పా, అందుకే కుదిరింది," అన్నాడు. చిన్నాయన నవ్వబోయి ఊరుకున్నాడు.

ఆ మాటతో మా ఇల్లు నిలిచిందని చెబితే వినడానికి బాగుంటుంది. నిలవలేదు. పొయ్యిలు రెండయ్యాయి. చేను నడుమ గట్టు లేచింది. నేను గోడచాటున కూర్చుని ఏడ్చాను.

మరుసటి ఎండాకాలం మా సగం ఏరుకుంటూ నాయనా నేనూ ఆ గట్టు దాకా వచ్చాం. నాయన ఆగలేదు. దాటిపోయి చిన్నాయన సగంలో వంగాడు. మనది ఇక్కడికే కదా అన్నాను.

"లెక్కలేసే ఓపిక నాకు లేదు పాపా. ఏరు," అన్నాడు.

కాసేపటికి చిన్నాయన బుట్టతో వచ్చాడు. మమ్మల్ని చూసి బుట్ట కింద పెట్టాడు. తర్వాత నాయన పక్కనే వంగాడు. పొద్దు వాలేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. రాళ్లు మాత్రం ఒకే కుప్పలో పోశారు.

ఇప్పటికీ ఇంటి చాకిరీలో ఎవరి వంతు ఎంతనే మాట నా నోటిదాకా వస్తుంది, అలిసిపోయిన రోజుల్లో మరీ. అప్పుడు పక్కపక్కన వంగిన ఆ రెండు వీపులు కళ్లముందు నిలుస్తాయి. నోరు మూసుకుని పక్కవాళ్ల పనిలో ఒక చెయ్యి వేస్తాను.