రేపల్లెలో బయటపడ్డ బూత్ ఓనర్

నిన్న రేపల్లెలో నా పరువు ఎలా పోయిందో వినండి. టీ చల్లారినా సరే, ముందు వినండి!

తెనాల్లో మా ఎస్టీడీ బూత్ మీకు తెలుసుగా. ఒకప్పుడు గల్ఫ్ కాల్స్ కోసం వచ్చినవాళ్లకి బెంచీ మీద చోటుండేది కాదు. ఇప్పుడందరూ నెట్ సెంటర్లకే! హెడ్‌ఫోన్ తగిలించుకుని కంప్యూటర్లోంచే మాట్లాడేస్తున్నారు. నాకు ఒళ్లు మండి, కనపడ్డ ప్రతివాళ్లకీ చెప్పేవాణ్ణి: "నెట్ జోలికి పోకండి, మీ ఇంటి గుట్టు ఊరంతా వింటుంది!" ఆ మాట నమ్మి మిగిలింది మా వీధి జానీబేగం అత్త ఒక్కతే. వాళ్లబ్బాయి రఫీ కువైట్‌లో ఉంటాడు. ఆవిడ కూడా పోతే ఇక షట్టర్ దించుకోవడమే.

అసలు ఆ నెట్‌లో ఏముందో చూద్దామనిపించింది. తెనాల్లో చూస్తే జనం నవ్వరూ? అందుకని రేపల్లె పాసింజర్ ఎక్కా. టోపీ, నల్లకళ్లద్దాలు కూడా!

అక్కడి నెట్ సెంటర్లో ప్లైవుడ్ క్యాబిన్‌లో కూర్చోబెట్టి, మస్కట్‌లో ఉన్న మా బావమరిది శీనుకి కలిపారు. అబ్బ, పక్కనే కూర్చుని మాట్లాడుతున్నట్టుంది! మనకేమో ఐఎస్‌డీ అంటే అరిచే అలవాటు. పైగా చెవులు రెండూ మూసుకుపోయి నా గొంతు నాకే తెలియట్లేదు.

"ఒరేయ్ శీనూ! దీని ముందు మన బూత్ ఎందుకూ పనికిరాదురా! ఇన్నాళ్లూ జనాన్ని ఊరికే భయపెట్టాన్రోయ్!"

ఎవరో భుజం తట్టారు. చూద్దును కదా, పక్క క్యాబిన్‌లోంచి జానీబేగం అత్త!

"నెమ్మదిగా మాట్లాడు వెంకట్రావూ. కువైట్‌లో మా రఫీకి నీ గొంతే వినపడుతోందంట. తెనాలి బూత్ అంకులేనా అని అడుగుతున్నాడు."

"మీరేంటత్తా ఇక్కడ?"

"తెనాల్లో నెట్‌కెళ్తే నువ్వు బాధపడతావని ఇంతదూరం వచ్చా నాయనా!"

నిజం చెప్పొద్దూ, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈలోపు సెంటర్ ఓనర్ చేతులు జోడించుకుంటూ వచ్చాడు. "మీ అరుపు విని రోడ్డు మీద వాళ్లు కూడా మేమూ మాట్లాడతామంటూ లోపలికొస్తున్నారండి. మీ దగ్గర డబ్బులు తీసుకోను సార్!"

ఇంటికొచ్చి మా ఆవిడ దగ్గర కూలబడ్డా. "ఆఖరి కస్టమర్ కూడా నెట్‌కెళ్లిపోయిందే!"

మా ఆవిడ చేట పక్కన పెట్టి నా వంక చూసింది.

"ఆఖరి కస్టమర్ ఆవిడేంటండీ? శీనుకి మన బూత్‌లోంచి రోజూ చేసేది మీరేగా! ఇప్పుడు మీరూ వెళ్లిపోయారు. ఆదివారం నన్ను కూడా తీసుకెళ్లండి, మా తమ్ముడితో మాట్లాడి చాన్నాళ్లయింది."

ఆదివారం బూత్‌కి సెలవండి. ఓనర్ ఊళ్లో ఉండడు!